‘థైరాయిడ్ వచ్చింది’ అనడం తప్పా?

ప్రశ్న: మా వదినకి థైరాయిడ్ వచ్చిందని రాస్తే ఒకాయన దిద్దారు. ‘థైరాయిడ్ గ్రంథి అందరికీ పుట్టుకతోనే ఉంటుంది, కొత్తగా రావడమేమిటి?’ అంటారు. నిజంగా తప్పేనా?

జవాబు: తప్పేం లేదండీ. బీపీ, షుగరు మాత్రం ఎవరికి ఉండవు? ‘ఆయనకి షుగరుంది’ అంటే ఎవరూ తికమకపడరు. నా పేచీ వేరు. షుగరుంది అంటే ఎక్కువైందనే. మరి థైరాయిడ్ ఉంది అంటే ఎటు? ఆ గ్రంథి తయారుచేసే హార్మోను, థైరాక్సిన్, తగ్గితే నీరసం, మలబద్ధకం, ఒళ్ళు రావడం, కాస్త చలికే ముడుచుకుపోవడం. పెరిగితే అంతా తలకిందులు: మనిషి చిక్కిపోతారు, గుండెదడ, చేతుల్లో వణుకు, ఊరికే చెమటలు. ఎడ్డెమంటే తెడ్డెమనే ఈ రెండు జబ్బులకీ ఒకటే మాట!

పైగా రిపోర్టు చూసి ‘నాకు థైరాయిడ్ ఎక్కువుందట, 12 వచ్చింది’ అంటారు. ఆ 12 సాధారణంగా టీఎస్‌హెచ్. అది థైరాయిడ్ తయారుచేసే సరుకు కాదు. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ని పనికి తరమడానికి పంపేది. రక్తంలో థైరాక్సిన్ తగ్గేకొద్దీ పిట్యూటరీ కేకలు పెంచుతుంది, సరిపడా ఉంటే తగ్గిస్తుంది. కాబట్టి టీఎస్‌హెచ్ ఎక్కువంటే చాలామటుకు థైరాయిడ్ తక్కువనే. వదినగారిది ఎక్కువా తక్కువా అన్నది కూడా రాయండి, చాలు.

ఇంకొకరు: థైరాయిడ్‌కి పాఠ్యపుస్తకాల్లో ‘అవటు గ్రంథి’ ఉందిగా?

జవాబు: ఉంది, స్థిరపడింది కూడా. కాకపోతే అమరకోశం ‘అవటుర్ఘాటా కృకాటికా’ అంటుంది, అంటే మెడ వెనక భాగం. ఈ గ్రంథేమో మెడకి ముందువైపు, గుటక వేస్తే పైకి జరుగుతూ ఉంటుంది. (‘గ్రంధి’ అని రాయకండి బాబూ, ‘గ్రంథి’.)

ఇంకొకరు: గాయిటర్‌ని గండమాల అనొచ్చా?

జవాబు: వద్దండీ. గండమాల అంటే మెడ చుట్టూ బిళ్ళలు కట్టడం. గాయిటర్, అంటే థైరాయిడ్ వాపు, గలగండం. ఒక్కో థైరాక్సిన్ అణువుకీ నాలుగు అయోడిన్ పరమాణువులు కావాలి. తిండిలో అయోడిన్ చాలకపోతే సరుకు తయారవదు, పిట్యూటరీ తరమడం మానదు, గ్రంథి వాచిపోతుంది. అయోడిన్ కలిపిన ఉప్పుతో ఆ వాపు తగ్గుతుందని 1956లో మొదలైన హిమాచల్‌లోని కాంగ్రా లోయ అధ్యయనంలో చూపినవారు మన శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామిగారు.