టైగర్ మాత్‌లది సొంత కుటుంబమా, ఎరెబిడేలో ఉపకుటుంబమా?

జువాలజీ_మాస్టారు: నిన్న ఎర్ర గొంగళి పురుగు ఫొటో కింద ఎవరో "ఎరెబిడే" అనే పెద్ద కుటుంబం పేరు రాశారు. ఆ గొంగళి పెరిగితే టైగర్ మాత్ అనే రెక్కల పురుగు అవుతుంది. టైగర్ మాత్‌లది ఆర్క్టియిడే కుటుంబం. గొంగళికి బుడిపెలు, వాటి మీద కుచ్చుల్లా వెంట్రుకలు. రెక్కల పురుగుకు రొమ్ము పక్కన టిక్‌టిక్‌మనే పొర. అమెరికాలోని బెర్తోల్డియా ట్రైగోనా అనే టైగర్ మాత్ ఆ చప్పుడుతో గబ్బిలాన్నే తికమక పెడుతుందని 2009లో తేల్చారు. ఇంత ప్రత్యేకత ఉన్నది కుటుంబం కాదా?

రెక్కల_పిచ్చి: రాసింది నేనే మాస్టారూ. 2010, 2011ల్లో వచ్చిన డీఎన్‌ఏ అధ్యయనాల్లో ఇవి ఎరెబిడే లోపలివేనని తేలింది. మిగిలినవాటిలో కొన్ని వీటికే దగ్గరి చుట్టాలు కాబట్టి, వీటిని బయటికి తీస్తే మిగిలినవి ఒక కుటుంబంగా నిలవవు. అందుకే ఆర్క్టియినే ఉపకుటుంబం అన్నారు. పైగా ఆ పొర కొన్ని జాతుల్లో అసలు లేదు.

అగ్రి_ఆఫీసర్_కల: ఉద్యోగ పరీక్షలో ఈ ప్రశ్నకు నేను ఎరెబిడే అని పెట్టాను, జవాబుల కీలో ఆర్క్టియిడే ఇచ్చారు. అభ్యంతరం చెప్పినా వినలేదు. రావాల్సిన ఉద్యోగం పోయింది.

జువాలజీ_మాస్టారు: చూశారా, కీ కూడా అదే అంటోంది.

అగ్రి_ఆఫీసర్_కల: సార్, నేను చెప్పింది దానికి కాదు 😐

జువాలజీ_మాస్టారు: "కొన్నిటికి లేదు" అంటే ఏమిటండీ? గుహల్లో ఉండే గుడ్డి చేపకు కళ్లు లేవని అది చేప కాకుండా పోతుందా?

రెక్కల_పిచ్చి: నేననేదీ అదే కదా! లక్షణం పోయినా బంధుత్వం పోదు. మరి లక్షణాలు చూసి కుటుంబం ఎలా తేలుస్తారు?

అనంతపురం_చేను: తొలకరి పడగానే ఇవి భూమిలోంచి లేచి గుడ్లు పెడతాయి. తర్వాత గొంగళ్లు మందలుగా వచ్చి వేరుశనగలో ఈనెలే మిగులుస్తాయి. రాత్రిళ్లు మంటలు పెడతాం, చేను చుట్టూ చాలు తీసి మందు చల్లుతాం. ఏ కుటుంబమైతే మాకేంటి?

జువాలజీ_మాస్టారు: అంటే భూతద్దం పట్టుకుని మేం నేర్పిందంతా దండగ, డీఎన్‌ఏ మెషీన్ చెప్పిందే వేదం! ఆ మెషీన్ లేని డిగ్రీ కాలేజీలో పిల్లలకు ఏం చూపించమంటారు?

రెక్కల_పిచ్చి: దండగని ఎవరన్నారు? పురుగును గుర్తుపట్టడానికి భూతద్దమే కావాలి. దాని చుట్టాలెవరో తేల్చడానికి అదొక్కటే చాలదు.

జువాలజీ_మాస్టారు: చాలదని మీరు తీర్పు ఇచ్చేశారన్నమాట. సంతోషం.

కొత్త_సభ్యురాలు: మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. జనుము చేలో తెల్ల రెక్కల మీద ఎర్ర, నల్ల చుక్కలున్నది ఎగురుతోంది. ఇదీ ఈ గుంపేనా?

రెక్కల_పిచ్చి: అవునండీ, యుటెథీసా పుల్కెల్లా అయ్యుండాలి. గొంగళిగా ఉన్నప్పుడే జనుములోని విషపు ఆల్కలాయిడ్లను తిని ఒంట్లో దాచుకుంటుంది. అందుకే వేటాడేవి దాని జోలికి పెద్దగా పోవు.

జువాలజీ_మాస్టారు: గొంగళి దొరికితే దాని ఫొటో కూడా పెట్టమ్మా. దగ్గర నుంచి తియ్యి, బుడిపెలు కనబడాలి.