వానలో కెమెరా మీది రికార్డరును పూర్తిగా మూసివేయాలా, గాలి ఆడనివ్వాలా?

హన్మకొండ వీడియో (ప్రశ్న):

మిత్రులకు నమస్కారం. నేను పెళ్లిళ్లు, ఉత్సవాలు చిత్రీకరిస్తాను. కెమెరా పైన 5 అంగుళాల తెర ఉన్న బయటి రికార్డరును బిగించి, హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా ప్రోరెస్‌లో (ఎడిటింగ్‌కు అనువైన, నాణ్యత ఎక్కువగా ఉండే వీడియో ఫార్మాట్) రికార్డు చేయడం నా పద్ధతి. గత శ్రావణంలో ములుగు రోడ్డు పక్కన ఒక పెళ్లిలో సరిగ్గా ఎదురుకోళ్ల వేళకు ముసురు పట్టింది. చేతికందిన పాలిథిన్ కవరును రికార్డరుకు తొడిగి, అడుగున రబ్బరు బ్యాండు వేశాను. ముప్పావు గంట కాకముందే వేడెక్కిందన్న హెచ్చరిక చూపి అది ఆగిపోయింది. అదే నెలలో కవరు లేకుండా గొడుగు కింద పనిచేసిన నా మిత్రుడి రికార్డరులో బ్యాటరీ బిగించే పలక వైపు నుంచి నీళ్లు దిగాయి. అది మళ్లీ ఆన్ కాలేదు. రానున్న సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర చిత్రీకరణ ఒప్పుకున్నాను. చినుకులు పడినా అక్కడ ఆట ఆగదు కనుక నేనూ ఆగలేను. పూర్తిగా మూయడం మంచిదా, గాలి ఆడేలా కప్పడం మంచిదా? అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

కాజీపేట కెమెరా:

తమ్ముడూ, పూర్తిగా మూయడమే మంచిది. వేడెక్కి ఆగిన రికార్డరు చల్లబడ్డాక మళ్లీ పనిచేస్తుంది. నీళ్లు తాగిన రికార్డరు పనిచేస్తుందన్న భరోసా లేదు. ఈ రెండు నష్టాలనూ ఒకే తక్కెడలో వేయకూడదు. మన వైపు వాన ఎంత దూరం వెళ్లగలదో 2023 జూలైలో చూశాం. ఆ నెల 27వ తేదీ ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు మోరంచపల్లిని వాగు ముంచేసింది. అటువంటి వానలో అడుగు తెరిచి ఉన్న ఏ కప్పూ నిలవదు. మందమైన కవరులో రికార్డరునూ కెమెరానూ కలిపి ఉంచి, లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, లెన్సు మూతి దగ్గర బిగించి కట్టాలి. గంటకు ఒకసారి ఆపి చల్లబరచుకుంటే సరిపోతుంది.

ములుగు నుంచి:

కాజీపేట అన్న చెప్పిన తక్కెడ మాట సరైనదే, కానీ ఆయన తూకంలో ఒక బరువు తప్పిపోయింది. రికార్డు నడుస్తుండగా రికార్డరు ఆరిపోతే పోయేది కాసేపటి పని మాత్రమే కాదు. మామూలు పద్ధతిలో ఫైలును చదవడానికి కావలసిన సూచిక రికార్డు ఆపిన తరువాతనే పూర్తిగా రాయబడుతుంది. మధ్యలో కరెంటు పోతే అప్పటిదాకా తీసిన ఫైలు కూడా తెరుచుకోకపోవచ్చు. తాళి కట్టే ఘట్టాన్ని మళ్లీ చేయించలేం కదా.

వేడి సంగతి వివరంగా చెబుతాను. ఈ రకం రికార్డర్లు సుమారు 10 నుంచి 20 వాట్ల విద్యుత్తును వాడతాయి, అదంతా దాదాపు వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి నెట్టడానికే వాటికి ఫ్యానూ గాలి రంధ్రాలూ పెడతారు. మూసిన కవరులో ఫ్యాను అదే వేడిగాలిని తిప్పి తిప్పి మళ్లీ లోపలికే పీలుస్తుంది. వడ్ల కుప్ప మీద పరదా కప్పి, వాన వెలిసినా తీయకుండా వదిలేస్తే లోపల ఉమ్మగిల్లి గింజ మొలకెత్తడం మనకు తెలిసినదే.

అయితే కవరులోని గాలి తేమే రికార్డరును పాడుచేస్తుందనే వాదన కొందరు చేస్తారు. దాన్ని నేను ఒప్పుకోను. 27 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో ఉండేది సుమారు 23 గ్రాముల నీరు. 5 లీటర్ల కవరులో పట్టే గాలిలోని తేమ మొత్తం నీరైనా రెండు మూడు చుక్కలను మించదు. అసలు ప్రమాదం మనం చేజేతులా లోపలికి తీసుకుపోయే నీళ్లది. తడి చేతులతో బ్యాటరీ మారుస్తాం, తడిసిన తువ్వాలును లోపల వదిలేస్తాం, ఆ నీరు వెచ్చని రికార్డరు మీద ఆవిరై చల్లని పాలిథిన్ గోడకు పట్టి చుక్కలుగా జారుతుంది. 7.2 వోల్టుల పెద్ద బ్యాటరీలో ఉండేది దాదాపు 47 వాట్-అవర్లు. 20 వాట్ల మీద అది రెండు గంటలకు కాస్త పైన నడుస్తుంది. అంటే పూర్తిగా మూసిన కవరును కూడా పెళ్లి ముగిసేలోగా కనీసం రెండు మూడు సార్లు వానలోనే విప్పక తప్పదు. నీళ్లు చేరేది అప్పుడే.

ఇక బ్యాటరీ పలక. నీరు తగలడం ఒక ఎత్తు, విద్యుత్తు ఉన్న చోట నీరు తగలడం మరొక ఎత్తు. వోల్టేజీ ఉన్న రెండు లోహపు కొనల మధ్య తడి చేరితే అవి వేగంగా తుప్పుపడతాయి. హెచ్‌డీఎంఐ సాకెట్‌లో కూడా 5 వోల్టుల కొన ఒకటి ఉంటుంది. కనుక తడిసిందని అనుమానం రాగానే మొదట బ్యాటరీ తీయాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్ నొక్కకూడదు.

కెమెరాకు వాన తట్టుకునే సీళ్లు ఉన్నాయని ధైర్యంగా ఉండేవారికి ఇంకొక మాట. ఆ సీళ్లు పక్కనున్న రబ్బరు మూతలన్నీ మూసి ఉన్నప్పుడే పనిచేస్తాయి. హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చాక ఆ మూత తెరిచే ఉంటుంది. అందుకే కేబుల్‌ను సాకెట్ కన్నా కిందికి వంపుగా వేలాడనిచ్చి, అక్కడి నుంచి పైకి తిప్పాలి. ఇంటికి సర్వీసు వైరు లాగేటప్పుడు ఎలక్ట్రీషియన్ చేసే పని ఇదే. వైరు వెంట జారే నీరు వంపు దగ్గర రాలిపోతుంది.

నా పద్ధతి గొంగడి కొప్పెర వంటిది. వానలో గొర్లకాపరి గొంగడిని కొప్పెరగా మడిచి తలమీదుగా వేసుకుంటాడు; నెత్తీ వీపూ తడవవు, ముందు వైపూ కిందా తెరిచే ఉంటుంది. అలాగే మందపాటి ప్లాస్టిక్ షీటును రికార్డరు మీదుగా, దాని అంచులు నాలుగు వేళ్ల మేర కిందికి దిగేలా కప్పి, అడుగును వదిలేస్తాను. షీటుకూ గాలి రంధ్రాలకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. తెరను తప్పనిసరిగా లాక్ చేస్తాను. వేలిముద్ర తగిలినట్లే నీటిచుక్కను కూడా టచ్ తెర తాకిడిగా భావించి రికార్డును ఆపేయగలదు.

పరకాల నుంచి:

ఇంత కష్టం ఎందుకు? వాన మొదలవగానే రికార్డరు విప్పి సంచిలో పెట్టి, కెమెరాలోని కార్డు మీదనే తీయండి. ఇప్పటి కెమెరాలు చాలావరకు లోపలే 10 బిట్‌లో (అంటే రంగుల ఛాయలు ఎక్కువగా నిలిచేలా) రికార్డు చేస్తాయి. కేబుల్ లేకపోతే మూతలు మూసుకుంటాయి, బరువూ తగ్గుతుంది. పెళ్లివారు నాణ్యతలో తేడా గుర్తించడం నేనెన్నడూ చూడలేదు.

ములుగు నుంచి:

నిజమే, కుండపోతలో నేనూ అదే చేస్తాను. కానీ పాత కెమెరాల్లో ఒక క్లిప్‌కు 30 నిమిషాల పరిమితి ఉంటుంది. కొన్ని కెమెరాలు రా సంకేతాన్ని (సెన్సారు నుంచి వచ్చే, ఇంకా వీడియోగా మలచని సమాచారాన్ని) బయటికి పంపుతున్నంతసేపూ లోపలి కార్డు మీద రాయవు. రెండూ ఒకేసారి రాయగల కెమెరా ఉంటే మాత్రం వాన రోజున రెండింటా రికార్డు చేయడమే ఉత్తమం. అప్పుడు రికార్డరు పోయినా ఘట్టం మిగులుతుంది.

కాజీపేట కెమెరా:

బ్యాటరీ మార్చడం గురించి చెప్పినది ఒప్పుకుంటున్నాను. నాకూ ఆ సమయంలోనే కవరులో తడి చేరేది. కానీ ఏటవాలుగా కొట్టే వానకు మీ కొప్పెర అడ్డు కాదు. గాలికి షీటు ఎగిరితే ఏం చేస్తారు?

ములుగు నుంచి:

గాలికి వీపు పెట్టి నిలబడతాను, షీటు వెనుక అంచును కెమెరా పట్టీకి క్లిప్పులతో బిగిస్తాను. అలా నిలబడే వీలు లేని చోట నా దగ్గర జవాబు లేదు. అక్కడ పరకాల వారి మాటే నా మాట.

హన్మకొండ వీడియో:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం డాబా మీద పరీక్షించి చూశాను. నీటి పరీక్షకు రికార్డరును వాడలేదు; అంతే కొలత గల చెక్కముక్కకు టిష్యూ కాగితం చుట్టి కెమెరా పట్టీకి బిగించి, మొక్కలకు నీళ్లు పోసే డబ్బాతో పైనుంచి, తరువాత పక్కనుంచి చల్లాను. కొప్పెర కింద పైనుంచి పోసినప్పుడు కాగితం పొడిగానే ఉంది, పక్కనుంచి చల్లినప్పుడు కింది అంచున ఒక వేలు మేర తడిసింది. వేడి పరీక్ష గదిలో చేశాను. మూసిన కవరులో రికార్డరు మళ్లీ ముప్పావు గంటలోపే హెచ్చరించింది, కొప్పెర కింద గంటన్నర ఆగకుండా నడిచింది. ఏసీ హాలులో ఉంచిన కెమెరాను బయటికి తెచ్చిన వెంటనే పొగమంచులా పట్టడం కూడా గమనించాను. ఇకపై వాన రోజుల్లో సంచిని ఏసీ లేని వరండాలోనే ఉంచుతాను.

కింది అంచు తడిసిన చోటే నా రికార్డరు బ్యాటరీ పలక వస్తుంది. కనుక షీటు వెనుక భాగాన్ని ఇంకో నాలుగు వేళ్లు పొడిగించి కుట్టిస్తున్నాను. సద్దుల నాడు వాన పడితే ఏమైందో ఇక్కడే రాస్తాను.