పోటు: సముద్రం లేని చోట కూడా ఈ మాట చెల్లుతుందా?

ఒక మాట గురించి ఇక్కడ అడగాలని నాలుగు రోజులుగా అనుకుంటున్నా. ఆ మాట ‘పోటు’, అంటే సముద్రపు నీళ్ళు పైకి ఎక్కడం. మాది కృష్ణపట్నం దగ్గర క్రీకు ఒడ్డున ఊరు, రొయ్యల గుంటల పని. పోటు ఎప్పుడు, ఎంత ఎక్కింది, పోటు మీద ఉన్నప్పుడే మోటారు వెయ్యి, ఇట్లా పొద్దున లేస్తే ఇంట్లో ఇదే మాట. ఈ మధ్య గురుగ్రహం ఉపగ్రహాల మీద వ్యాసం రాసి ఒక పత్రికకి పంపితే, నేను ‘పోటు బలం’ (ఇంగ్లీషులో టైడల్ ఫోర్స్) అని రాసిన ప్రతిచోటా కొట్టేసి ‘వేలా బలం’ అని వేశారు. అచ్చులో చూసుకుని బాధపడ్డా. తప్పు తెలుగు రాశానా అని అప్పట్నుంచి ఒకటే ఆలోచన, ఎంత ఆలోచించినా నాది తప్పు కాదనే అనిపిస్తోంది.

ఎందుకంటే పోటు అనేది ‘పొడుచు’ నుంచి వచ్చింది. పడు నుంచి పాటు, చెడు నుంచి చేటు వచ్చినట్టే. పొడవడం అంటే కత్తితో గుచ్చడం ఒక్కటే కాదు కదా, పొద్దు పొడుస్తుంది, చుక్క పొడుస్తుంది. కనపడకుండా ఉన్నది పైకి తోసుకుని రావడం. నీళ్ళు పైకి వస్తే పోటు, కిందికి పడితే పాటు. చంద్రుడు లేవడానికీ నీళ్ళు లేవడానికీ మనవాళ్ళు ఒకే క్రియ వాడారంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

‘వేల’ సంస్కృతంలో మంచి మాటే, కానీ దానికి సముద్రపు ఒడ్డు, హద్దు అనే అర్థాలున్నాయి. అంటే సముద్రం ఉంటేనే వేల. నేను రాసింది గురుడి ఉపగ్రహం అయో గురించి. అక్కడ సముద్రం లేదు, ఉన్నదంతా రాయీ గంధకమూ. అక్కడ లేచేది నేల.

*వ్యాఖ్య (ఒంగోలు):* అన్నా, మాకు పోటు అంటే ముందు గుర్తొచ్చేది పోట్లగిత్త, కొమ్ముపోటు. తర్వాత తలపోటు, పంటి పోటు. పిల్లలకి ‘పోటు బలం’ అని చెబితే ఏదో పొడిచే బలం అనుకోరా? అసలు దీని ఫిజిక్స్ కొంచెం చెప్పు, అప్పుడు ఆలోచిద్దాం.

*జవాబు:* తలపోటు భలే గుర్తుచేశావు తమ్ముడూ. ఊరికే ఉండే నొప్పిని పోటు అనం, ఎక్కుతూ తగ్గుతూ ఉండేదాన్నే అంటాం. అందులోనే నీ ప్రశ్నకి సగం జవాబు ఉంది.

ఫిజిక్స్ సంగతి. పోటు అంటే లాగుడు కాదు, లాగుడులో ఉన్న తేడా. చంద్రుడు తన వైపున్న నీళ్ళని ఎక్కువగా లాగుతాడు, భూమి నడుముని కొంచెం తక్కువగా, అవతలి వైపు నీళ్ళని ఇంకా తక్కువగా. ఈ తేడా వల్ల భూమి ఆ వరసలో సాగినట్టు అవుతుంది, ఇటూ ఉబుకుతుంది, అటూ ఉబుకుతుంది. అందుకే ఒక్క చంద్రుడున్నా మనకి రోజుకి రెండు పోట్లు, సుమారు 12 గంటల 25 నిమిషాలకి ఒకటి.

తేడాయే అసలు సంగతి అనడానికి సూర్యుడే సాక్ష్యం. సూర్యుడి బరువు చంద్రుడికి దాదాపు 2 కోట్ల 70 లక్షల రెట్లు, దూరం 390 రెట్లు. ఉత్త లాగుడు చూస్తే సూర్యుడిదే పైచెయ్యి, చంద్రుడి కన్నా 170 రెట్లకి పైనే. కానీ పోటు బలం దూరం ఘనాన్ని బట్టి తగ్గిపోతుంది. 390 ఘనం అంటే దాదాపు 5 కోట్ల 90 లక్షలు. 2 కోట్ల 70 లక్షలని దానితో భాగిస్తే 0.46, అంటే సూర్యుడి పోటు చంద్రుడి పోటులో సగం కూడా లేదు. అమావాస్యకీ పౌర్ణమికీ ఇద్దరూ ఒకే వరసలోకి వచ్చి రెండూ కలుస్తాయి, పెద్ద పోటు. అష్టమి నవమి రోజుల్లో ఒకరిది ఇంకొకరు తగ్గిస్తారు, నీళ్ళు మందంగా ఎక్కుతాయి.

*వ్యాఖ్య (కొత్తపట్నం):* అన్నా, మా తాత గడియారం లేకుండా పోటు వేళ చెప్పేవాడు. తిథి అడిగి వేళ్ళు లెక్కపెట్టుకునేవాడు. అదెట్లా?

*జవాబు:* అమ్మా, మా నాయన కూడా అంతే. క్రీకు గట్టు కింద ఒక సర్వే కర్ర పాతి ఉంటుంది మాకు. నాయన తెల్లారుజామున టార్చి వేసుకుని దిగి, కర్రమీద తడి ఎంతవరకు ఉందో బొటనవేలితో తడిమి చూస్తాడు. తడి పైన ఉండి నీళ్ళు కింద ఉంటే పాటు మొదలైందని. కర్ర మొదట్లో ఎండ్రకాయ బొక్కల్లోంచి బుడగలు వస్తున్నాయంటే నీళ్ళు ఎక్కుతున్నాయని. తర్వాత ‘ఈరోజు తదియ, రేపటికి రెండు గడియలు జరుగుద్ది’ అంటాడు.

ఆ రెండు గడియల లెక్క నేను కాగితం మీద వేసి చూశా. రోజుకి 60 గడియలు, నెలకి 30 తిథులు, తిథికి 2 గడియలు. గడియ 24 నిమిషాలు కాబట్టి 48 నిమిషాలు. పుస్తకాల్లో పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యం అవుతుందని రాస్తారు. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు తన దారిలో కొంచెం ముందుకి పోయి ఉంటాడు, ఆయన్ని అందుకోవడానికి పట్టే టైం అది. మా నాయన ఏడో తరగతి. ఆయన నోటి లెక్కకీ పుస్తకానికీ తేడా రెండు నిమిషాలు.

*వ్యాఖ్య (కావలి, రిటైర్డ్ తెలుగు మాష్టారు):* నాయనా, పదం పుట్టుక బాగా చెప్పావు. నా అభ్యంతరం ఒకటే. పోటు జనం నోట్లో సముద్రానికే అతుక్కుపోయింది. రాతి గోళం మీద పోటు అంటే చెవికి కొత్త. సాగదీసే బలం కాబట్టి ‘సాగుబలం’ అంటే సరిపోదా?

*జవాబు:* మాష్టారూ, మీ మాటకి ఎదురు చెబుతున్నానని అనుకోవద్దు. సాగుబలం బాగుంది కానీ అందులో ఎక్కడం దిగడం లేదు, సాగి ఊరుకున్నట్టుంది. అయో కథ వింటే ఆ తేడా తెలుస్తుంది.

గురుడి చుట్టూ అయో ఒక చుట్టు తిరగడానికి సుమారు 42 గంటలు. గురుడి నుంచి దాని దూరం 4 లక్షల 22 వేల కిలోమీటర్లు, మనకి చంద్రుడున్న దూరం కన్నా కొంచెమే ఎక్కువ. కానీ గురుడి బరువు భూమికి 318 రెట్లు. అయో దారి పూర్తి గుండ్రం అయ్యుంటే, అది సాగి ఆ సాగుడులోనే ఉండిపోయేది, ఏ గొడవా లేదు. కానీ పక్కనే గురుడి ఇంకో రెండు ఉపగ్రహాలు, యూరోపా, గనిమీడ్ ఉన్నాయి. గనిమీడ్ ఒక చుట్టు తిరిగేలోపు యూరోపా రెండు, అయో నాలుగు. ఈ తాళం వల్ల అవి అయోని మళ్ళీ మళ్ళీ ఒకే చోట కదిలిస్తాయి, దాని దారిని గుండ్రం కానివ్వవు. అయో గురుడికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. దగ్గరైతే ఉబుకు పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. రాతినేల 100 మీటర్ల దాకా లేచి దిగుతుందంటారు. మన తీరంలో నీళ్ళు లేచి దిగేది మీటరు దగ్గర్లోనే, మాష్టారూ! ఇనపతీగని అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టు లోపలి రాయి వేడెక్కి కరుగుతుంది.

స్టాంటన్ పీల్ అనే శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరు ఈ లెక్క కట్టి, అయోలో అగ్నిపర్వతాలు ఉండొచ్చని 1979 మార్చి 2న అచ్చువేశారు. మార్చి 5న వాయేజర్ 1 అనే అంతరిక్షనౌక అయో పక్కనుంచి పోయింది. మూడు రోజులే తేడా. కొన్నాళ్ళకి లిండా మొరబిటో అనే ఇంజనీరు, దారి లెక్క కోసం తీసిన ఫోటోలో అయో అంచున గొడుగులాంటి పొగ చూసింది. ఇప్పటికి అక్కడ 400కి పైగా అగ్నిపర్వతాలు లెక్కకొచ్చాయి. ఎక్కుతూ దిగుతూ, లోపల్నుంచి తోసుకొస్తూ, నొప్పిలాగా వదలకుండా ఉండే దీన్ని పోటు అనక ఇంకేమనాలి?

*వ్యాఖ్య (కావలి మాష్టారు):* ఆ ఎక్కడం దిగడం నేను చూసుకోలేదు. సరే, ఒప్పుకుంటున్నా. మరి చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడే, దానికీ ఇదే కారణమంటారు. దానికేం పేరు పెడతావు?

*జవాబు:* అవును మాష్టారూ. మన మీద చంద్రుడు పోటు లేపినట్టే, చంద్రుడి రాతి మీద భూమి లేపింది. ఆ ఉబుకు బ్రేకు పట్టినట్టు పట్టి, ఆయన తిరుగుడు నెమ్మదించి, చివరికి తన చుట్టూ తిరగడం, మన చుట్టూ తిరగడం సమానమయ్యాయి. దీన్ని నేను ‘పోటుకట్టు’ అని రాసుకుంటున్నా, గిత్తని రాటకి కట్టినట్టు. ఇంతకన్నా మంచిది మీకు తోస్తే చెప్పండి, మార్చుకుంటా. ఇటు మన తిరుగుడూ ఇదే పోటు వల్ల చాలా చాలా నెమ్మదిగా తగ్గుతోంది, బదులుగా చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. 1969లో అపోలో 11 వాళ్ళు అక్కడ పెట్టివచ్చిన అద్దాల మీదికి లేజర్ వేసి కొలిచిన సంగతి ఇది.

ఒకటి అడగాలి మీ అందరినీ. పోటు నిండాక, పాటు మొదలయ్యే ముందు, నీళ్ళు అటూ ఇటూ కదలకుండా కాసేపు నిలబడతాయి. మా ఇంట్లో ‘నీళ్ళు నిలబడినాయి’ అనే అంటారు, దానికి విడిగా మాట లేదు. మైపాడు, ఇస్కపల్లి, రామాయపట్నం, పాకల వైపు పాలేల్లో పెద్దవాళ్ళు దీనికి వేరే పేరేమైనా వాడుతుంటే, అడిగి, వాళ్ళు పలికినట్టే ఇక్కడ రాయండి.