గుడ్డ సెన్సర్ రీడింగ్‌ని న్యూటన్లలో చెప్పవచ్చా?

మెత్తనిదిండు:
పక్షవాతం తర్వాత చేతి కసరత్తు కోసం పిండే దిండు, దాని మీద పీహెచ్‌డీ. లోపల రెండు కండక్టివ్ గుడ్డ ముక్కలు, మధ్యలో వెలోస్టాట్ షీట్, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో వోల్టేజ్ డివైడర్ (సెన్సర్‌కీ రెసిస్టర్‌కీ మధ్య వోల్టేజ్‌ని పంచే సర్క్యూట్). పిండితే లైటు వెలుగుతుంది, మోటారు కంపిస్తుంది. రివ్యూ కమిటీలో ఒకరు పట్టు బలం న్యూటన్లలో ఇవ్వాల్సిందే అంటున్నారు. మరొకరు గుడ్డ సెన్సర్‌ని పిండారా లేదా అన్నంత వరకే నమ్మాలంటున్నారు. ఎవరిది సరైన మాట?

ఓమ్‌లెక్క:
రెండో వారిదే. వెలోస్టాట్ అంటే కార్బన్ కలిపిన ప్లాస్టిక్ షీట్. ఒత్తిడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, అక్కడి వరకు బాగుంది. కానీ అదే బరువు కదలకుండా ఉంచినా రీడింగ్ మారుతూనే ఉంటుంది. బరువు తీసేశాక వెళ్లిన దారిన వెనక్కి రాదు. అంటే ఒకే రీడింగ్‌కి పిండేటప్పుడు ఒక బలం, వదిలేటప్పుడు ఇంకో బలం.

మీ విషయంలో ఇది మరీ ప్రమాదం. స్పాస్టిసిటీ (కండరాల బిగుతు) ఉన్న చెయ్యి పట్టు వదలడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫిజియోథెరపిస్టుకి కావాల్సిన కొలతల్లో అదొకటి. సెన్సర్ కూడా ఆలస్యంగానే కోలుకుంటుంది కాబట్టి గ్రాఫ్‌లో కనిపించే ఆలస్యం చేతిదో షీట్‌దో తేలదు. అరచేతి వేడి, చెమట సంగతి వేరే.

కాలిబ్రేషన్‌కాపరి:
సగమే ఒప్పుకుంటాను. షీట్‌ని తిట్టే ముందు సర్క్యూట్ చూడండి. 10 కిలో ఓమ్‌ల డివైడర్‌లో (రీడింగ్ ఆ రెసిస్టర్ మీద తీసుకుంటే) సెన్సర్ 1 కిలో ఓమ్ దగ్గర 10 బిట్ల ఏడీసీ (వోల్టేజ్‌ని 0 నుంచి 1023 వరకు అంకెగా మార్చే భాగం) 930 చూపిస్తుంది, 500 ఓమ్‌లకి పడితే 974. రెసిస్టెన్స్ సగమైతే కదిలింది 44 మెట్లే! 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే అదే మార్పు 511 నుంచి 682కి వెళ్తుంది. ఇంకా మేలు కావాలంటే ఆప్‌యాంప్‌తో కరెంటును వోల్టేజ్‌గా మార్చే సర్క్యూట్ కట్టండి. బలంతో పాటు దాదాపు సూటిగా పెరిగేది కండక్టెన్స్ (రెసిస్టెన్స్‌కి తలకిందులు), డివైడర్ వోల్టేజ్ కాదు.

తర్వాత కాలిబ్రేషన్, అంటే తెలిసిన బరువులతో రీడింగ్‌ని సరిపోల్చడం. ముందు పాతిక ముప్పైసార్లు నొక్కి వదలాలి, కొత్త షీట్ మొదటి రీడింగులు పనికిరావు. బరువు పెంచుతూ ఒక వక్రరేఖ, తగ్గిస్తూ మరొకటి. ప్రతి బరువు దగ్గర 1, 10, 60 సెకన్ల రీడింగులు. ఇదంతా 25 డిగ్రీల దగ్గర ఒకసారి, 35 డిగ్రీల దగ్గర ఒకసారి. ఆ రేఖల మధ్య వెడల్పే మీ ఎర్రర్. దాన్ని దాచకుండా చూపిస్తే న్యూటన్లు రాయడంలో తప్పు లేదు.

ఓమ్‌లెక్క:
ఆ కాలిబ్రేషన్ బల్లమీద పరిచిన షీట్‌కి. దిండులో షీట్ వంగి ఉంటుంది, ఎవరూ ముట్టుకోకుండానే రీడింగ్ వస్తుంది. పైగా వేళ్లు ఎక్కడ పడితే అక్కడ నొక్కుతాయి, స్పాంజ్ ఆ బలాన్ని పక్కలకి పంచేస్తుంది.

గాలితిత్తి:
అందుకే గాలి తిత్తి, దానికి ప్రెజర్ సెన్సర్. మార్టిన్ విగోరిమీటర్ అలాంటిదే, రబ్బరు బల్బు పిండితే కిలోపాస్కల్‌లలో చూపిస్తుంది. న్యూటన్ల గొడవే లేదు. చెయ్యి ఎంత మేర ఆనిందో తెలియనప్పుడు ఒత్తిడిని బలంగా మార్చబోకండి. చిన్న లీకు ఉన్నా సున్నా రీడింగ్ జారుతుంది కాబట్టి ప్రతి సెషన్‌కి ముందు సున్నా చూసుకోవాలి. వేడి కూడా లెక్కలోదే: పరిమాణం మారకపోతే 25 నుంచి 35 డిగ్రీలకి దాదాపు 3.4 కిలోపాస్కల్‌లు పెరుగుతుంది. మెత్తటి తిత్తి కొంత ఉబ్బుతుంది కనుక అంతకన్నా తక్కువే.

వార్డుతలుపు:
కొలతల గురించి ఇంత మాట్లాడారు, పేషెంటుకీ పేషెంటుకీ మధ్య దీన్ని ఎలా తుడుస్తారు? కండక్టివ్ గుడ్డల్లో వాడే సిల్వర్ పూత నైలాన్ దారం ఉతికేకొద్దీ పూత పోగొట్టుకుంటుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఉతికిన మర్నాడు పాత కాలిబ్రేషన్ చెత్తబుట్టకే. సెన్సర్ ఉన్న లోపలి భాగం విడిగా ఉండాలి, పైన తుడవదగిన పాలీయురిథేన్ పూత కవరు. కుట్టు వద్దు, సూది రంధ్రాల్లోంచి ద్రవం దిగుతుంది. అంచులు వేడితో అతికించండి. కవరు వేశాకే కాలిబ్రేట్ చేయాలి, ఇది చాలామంది వదిలేస్తారు.

కవరుకి బదులు సిలికోన్ పోస్తారా? ఎకోఫ్లెక్స్ 00-30 (ఒక మెత్తటి సిలికోన్ రబ్బరు) రెండు భాగాలు సమానంగా కలపాలి, 45 నిమిషాల్లో పోసెయ్యాలి, గది వేడిలో 4 గంటలకి గట్టిపడుతుంది. లేటెక్స్ గ్లవ్స్ వేసుకుంటే అందులోని గంధకం వల్ల ఉపరితలం జిగటగానే ఉండిపోతుంది. రంగు కలిపారంటే తయారీదారు ఇచ్చిన చర్మభద్రత పత్రం మీ వస్తువుకి వర్తించదు. వైద్య పరికరాలు శరీరానికి హాని చేయవని చూసే ప్రమాణం ఐఎస్ఓ 10993లో 5, 10, 23 భాగాలు (కణాలపై విషప్రభావం, అలర్జీ, చర్మం మండటం) చూసుకోవాలి. ఇంకొకటి, పేషెంటు పట్టుకుని ఉండగా దిండుని చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో కలపొద్దు. బ్యాటరీ, బ్లూటూత్ చాలు.

మెత్తనిదిండు:
తాకిడికి స్పందించే కెపాసిటివ్ చిప్, ఎంపీఆర్121 లాంటిది వాడితే ఈ డ్రిఫ్ట్ (రీడింగ్ జారడం) గోల తప్పుతుందా?

ఓమ్‌లెక్క:
గోల మారుతుంది, తప్పదు. తడి చెయ్యి, చేతికి మిగిలిన శానిటైజర్ కూడా తాకిడిగా నమోదవుతాయి. సెట్టింగు చూసుకోకపోతే ఎక్కువసేపు పట్టుకున్న చేతిని బేస్‌లైన్ సవరణ (చిప్ తనంతట తాను సున్నాని సరిచేసుకోవడం) మింగేస్తుంది. చెయ్యి ఆనిందా లేదా అనడానికి అది చక్కటిది, ఎంత గట్టిగా పిండారో దాన్ని అడగకండి.

కాలిబ్రేషన్‌కాపరి:
వదిలే సమయం విషయంలో ఓమ్‌లెక్క గారి అభ్యంతరానికి వాదనకన్నా పరీక్ష మేలు. మోటారుతో నడిచే పళ్లెంతో దిండుని 30 సెకన్లు నొక్కి ఉంచి, ఒక్కసారిగా ఎత్తేయండి. రీడింగ్ పదోవంతుకి పడటానికి ఎంతసేపో రాయండి. కవరుతో, వెచ్చగా ఉన్నప్పుడు మళ్లీ చేయండి. సెన్సర్ ఒక్కటే 2 సెకన్లు తీసుకుంటే, పేషెంట్ల మధ్య అర సెకను తేడా కనబడిందని థీసిస్‌లో రాసే హక్కు లేదు. 0.1 సెకన్లలో పడితే మాత్రం మొదటి కమిటీ సభ్యుడి వైపు నేను నిలబడతాను.

ఓమ్‌లెక్క:
0.1 వస్తే నేనూ నిలబడతాను. వెలోస్టాట్‌తో రాదు, అదే నా మాట.