అప్‌డేట్: శవపేటిక సీన్ తీసేయాలా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. చచ్చిపోయిన గుమాస్తా, తాను చచ్చినట్టు రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే చిన్న గేమ్ నాది. చివర్లో శవపేటిక మూత పడకపోతే లోపల్నుంచి తానే మేకులు కొట్టుకుంటాడు. కొందరు పగలబడి నవ్వారు, కొందరు మరీ క్రూరం అన్నారు. మీలో ఎక్కువమంది తీసేయమన్నారు.

తీయలేదు. తిట్టిన రివ్యూలు మళ్లీ చదివితే అసలు సంగతి తెలిసింది. వాళ్లని ఇబ్బంది పెట్టింది చావు మీద జోకు కాదు, మేకు దిగే శబ్దం. డబ్బుల్లేక నేనే రాత్రిపూట చెక్క మీద సుత్తితో కొట్టి రికార్డు చేశాను, నిజంగానే ఒళ్లు జలదరిస్తుంది. దాని బదులు బొమ్మ సుత్తి కీచుమనే చప్పుడు పెట్టాను. ఇప్పుడు అదే సీన్‌కి నవ్వుతున్నారు!

రీఫండ్లు మాత్రం ఆగలేదు. గేములు అమ్మే స్టీమ్ సైట్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకంటే తక్కువ ఆడి ఉంటే అడగొచ్చు. రూల్‌ని తప్పుపట్టను, నా గేమే గంటన్నరలో అయిపోతుంది. ఒకాయన మొత్తం ఆడేసి, ‘చచ్చేంత నవ్వాను’ అని రాసి మరీ డబ్బు వెనక్కి తీసుకున్నాడు. రివ్యూలు చదివినవాళ్లు వేసే ‘ఫన్నీ’ ఓట్లన్నీ దానికే.