మొగలు తివాచీని పారశీక తివాచీ నుంచి ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న

ఆగ్రా, ఫతేపుర్ సిక్రీ, లాహోరు నగరాల్లో తివాచీ నేతగాళ్లను అక్బరు స్థిరపరచిన సంగతి అబుల్ ఫజల్ రాసిన ‘ఐన్-ఇ-అక్బరీ’లో ఉంది. అంతమాత్రాన మొగలు తివాచీలన్నీ పారశీక నేతకు నకళ్లేనని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు. మ్యూజియంలో రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు, వివరాల పలక చదవకుండానే ఇది ఇక్కడి నేత అని చెప్పగల గుర్తులేమైనా ఉన్నాయా?

జవాబు 1

ముడిని బట్టి తేల్చలేము, ఎందుకంటే రెండు చోట్లా సాధారణంగా వేసినది ఒకే రకం ముడి. బొమ్మను కూర్చిన తీరు చూడండి. పారశీక తివాచీల్లో నడుమ పతకం లాంటి పెద్ద బొమ్మ ఉండి, నలువైపులా ఒకే అమరిక తిరిగి రావడం ఎక్కువ. అక్బరు, జహంగీరుల కాలపు నేతగాళ్లు మాత్రం కొన్ని తివాచీలను గోడకు వేలాడదీసే చిత్రంలా, ఒక వైపు నుంచే చూడవలసిన దృశ్యంగా నేశారు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో తాటిచెట్లు, కొండమేకలు, పక్షులు ఉన్న తివాచీ ఇందుకు మంచి ఉదాహరణ. లక్క నుంచి తీసిన ముదురు ఎరుపు నేల (బొమ్మల వెనుక పరచుకున్న రంగు) మరో ఆనవాలు.

జవాబు 2

షాజహాను కాలానికి వస్తే గుర్తుపట్టడం ఇంకా తేలిక. 1620లో కాశ్మీరు వసంతాన్ని చూసి మురిసిపోయిన జహంగీరు, అక్కడి పూలను తన ఆస్థాన చిత్రకారుడు మన్సూరు చేత చిత్రింపజేశాడు. ఐరోపా నుంచి వచ్చిన వృక్షశాస్త్ర చిత్రాల ప్రభావమూ దీనికి తోడైంది. ఆ తరువాత తివాచీల్లో ఒక్కొక్క పూలమొక్క విడివిడిగా, వరుసలు తీరి నిలబడింది. తాజ్‌మహల్ పాలరాతి గోడల మీద చెక్కినవీ ఇలాంటి మొక్కలే. నా దృష్టిలో అసలు గొప్పదనం వాడిన దారంలో ఉంది: పట్టు పడుగు మీద పష్మినా (మేకల నుంచి తీసే సన్నని మెత్తని) ఉన్నితో ముడులు వేయడం వల్ల, కొన్ని తివాచీల్లో చదరపు అంగుళానికి రెండు వేలకు పైగా ముడులు పట్టాయి.

జవాబు 3

పై గుర్తులు దర్బారు తివాచీలకే సరిపోతాయి. దక్కనులో ఏలూరు, ఓరుగల్లు నేతగాళ్ల పని వేరు. దక్కను తివాచీలు డచ్చి వర్తకుల ఓడల్లో జపాను చేరి, నేటికీ క్యోటోలో గియోన్ ఉత్సవపు రథాలకు అలంకారంగా ఉన్నాయి. కాలనిర్ణయానికైతే బొమ్మ కన్నా పత్రాలే నమ్మదగినవి. లండను వర్తకుడు రాబర్ట్ బెల్ లాహోరులో నేయించిన తివాచీ 1634లో లండనులోని గర్డ్లర్స్ కంపెనీకి (నడుంపట్టీలు చేసేవారి సంఘానికి) చేరినట్లు నమోదై ఉంది. జైపూరు దగ్గరి అంబరు కోట తివాచీల వెనుక తేదీలు రాసి కుట్టిన చీటీలూ అంతే విలువైనవి. తేదీ తెలిసిన ఇలాంటి కొద్దిపాటి తివాచీలతో పోల్చి చూసే మిగిలినవాటి వయసు అంచనా వేస్తారు.