అడ్వాన్సు ఇస్తే పనివాళ్లు ఆగుతారా?

పలాస_బట్టీ: కాశీబుగ్గ దగ్గర మాది చిన్న జీడిపప్పు బట్టీ. పద్నాలుగు మందిలో సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చింది తొమ్మిది మందే. ఈసారి తలా పదివేలు అడ్వాన్సు ఇచ్చి, అప్పు తీరేదాకా ఇంకెక్కడా పనికి వెళ్లకూడదని కాగితం రాయించుకుందామనుకుంటున్నాను. తప్పంటారా?

పైడిభీమవరం_షిఫ్టు: తప్పొప్పుల మాట తర్వాత, అసలు ఫలితం ఉండదండి. నేను చేసిన ఒక మందుల కంపెనీలో కుర్రాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునేవారు. అయినా ఏడాది అనుభవం రాగానే విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీకి చెక్కేసేవారు. చిలకపాలెం దాకా కంపెనీ బస్సు వేశాక కొంచెం తగ్గింది. నైట్ షిఫ్టు దిగి హైవే మీద ఆటో కోసం నిలబడితే తెలుస్తుంది ఆ బాధ.

మందస_మావయ్య: కబుర్లు బాగానే ఉన్నాయి. అడ్వాన్సు మేం అంటగడుతున్నామా? పెళ్లికో, ఆస్పత్రికో వాళ్లే అడుగుతారు. బ్యాంకు ఇస్తుందా?

పొట్టుపని: అడుగుతాం మావయ్యా, నేనూ అడిగాను. కానీ మానేసింది అందుకు కాదు. మాకు కూలి కిలో లెక్కన. పిక్కలు డ్రయ్యర్‌లో సరిగా ఆరకపోతే పొట్టు ఊడదు. గోటితో గీకితే గుండు, అంటే విరగని పప్పు, కాస్తా బద్దయిపోతుంది. ఆరబెట్టింది వాళ్లు, డబ్బులు తగ్గేది మాకు. తూకం లోపలి గదిలో వేసి ఎంతొచ్చిందో కేకేసి చెప్పేవారు. పుస్తెలతాడు కుదువపెట్టి ఆ అప్పు తీర్చి, కాటా మా ఎదుటే పెట్టే చోటికి వెళ్లిపోయాను. అక్కడ కిలోకి రూపాయి తక్కువే. పెంకు కొట్టేవాళ్లకి చేతులు పెంకులోని నూనెకి కాలకుండా గ్లౌజులు కూడా ఇస్తారు.

లేబర్_లెక్క: పలాస గారూ, అప్పు ఇవ్వడం తప్పు కాదు. తీరేదాకా ఎక్కడికీ పోకూడదన్న షరతు మాత్రం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకొస్తుంది, 3 ఏళ్ల దాకా జైలు. ఇంకోటి, 10 మంది ఉన్నచోట గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు ఇచ్చే సొమ్ము, వర్తిస్తుంది. 5 ఏళ్లు నిండినవాళ్లకి, వాళ్లంతట వాళ్లు మానేసినా సరే, చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల కూలి లెక్కన ఇవ్వాలి. కిలో లెక్కన చేసేవాళ్లకీ అంతే. ఈ మాట మీవాళ్లకి ఎప్పుడైనా చెప్పారా?

పలాస_బట్టీ: చెప్పలేదండి, నాకే తెలీదు. కాటా మాత్రం రేపే వరండాలోకి తెస్తాను. మా బావమరిది అప్పుడే పద్నాలుగు స్టాంపు పేపర్లు కొనేశాడు, వాటినేం చేయాలో!